చైన్ స్నాచింగ్‌లో దొరికిన పదహారేళ్ల అబ్బాయికి బ్రెయిన్ స్కాన్ తీయిస్తే ఏమైనా తెలుస్తుందా?

మీ ప్రశ్న మొత్తం చదివానండి. మిగతావాళ్ల కోసం క్లుప్తంగా చెప్తాను: అన్న కొడుకు, పదహారు నిండి కొన్ని నెలలు, ఇంటర్ ఫస్టియర్, ఇద్దరు ఫ్రెండ్స్‌తో బైక్ మీద వెళ్లి ఒకావిడ మెడలో గొలుసు లాగి దొరికిపోయాడు, ఇప్పుడు అబ్జర్వేషన్ హోమ్‌లో (కేసు నడుస్తుండగా మైనర్లని ఉంచే చోటు) ఉన్నాడు. చుట్టాల్లో ఒకాయన వచ్చి "ఇట్లాంటి పిల్లల బ్రెయినే వేరేగా ఉంటదట, ఎమ్మారై తీయిస్తే తెలిసిపోతది" అని చెప్పి వెళ్లాడు, అప్పట్నుంచి మీ వదిన తిండి సరిగ్గా తినట్లేదు. అది నిజమేనా, పుట్టుకతో వచ్చేదా, మారుతుందా అని అడిగారు.

ముందు సూటిగా జవాబు. స్కాన్ వద్దు, డబ్బు దండగ. తలకి దెబ్బ తగిలి ఉంటేనో, ఫిట్స్ వస్తుంటేనో, న్యూరాలజిస్ట్ చూసి రాస్తే అప్పుడు తీయించండి, అది వైద్యం కోసం. వీడు నేరస్థుడు అవుతాడా కాదా అని చెప్పే స్కాన్ ప్రపంచంలో ఎక్కడా లేదు. మెదడులో తేడాల సంగతి మాత్రం అబద్ధం కాదు, దానిమీద దశాబ్దాలుగా సీరియస్‌గా రీసెర్చ్ జరుగుతోంది, కాకపోతే ఆ రీసెర్చ్ చెప్పేది ఒకటి, మీ చుట్టం చెప్పింది ఇంకొకటి. నేను క్లినికల్ సైకాలజిస్ట్‌ని, జువెనైల్ జస్టిస్ బోర్డు (మైనర్ల కేసులు విచారించేది) పంపించే పిల్లల్ని చూసి రిపోర్టులు రాయడం చాలా ఏళ్లుగా నా పనిలో భాగం, కాబట్టి కొంచెం పొడుగైనా వివరంగానే రాస్తాను.

పెద్ద స్టడీల్లో ఒకటి 2024లో లాన్సెట్ సైకియాట్రీ జర్నల్‌లో వచ్చింది. రకరకాల దేశాల టీములు తమ దగ్గరున్న స్కాన్లన్నీ కలిపి చూశాయి, కాండక్ట్ డిజార్డర్ (ఎడతెగని దుష్ప్రవర్తన సమస్య, కింద వివరిస్తాను) ఉన్న 1,185 మంది, లేనివాళ్లు 1,253 మంది, వయసు 7 నుంచి 21 మధ్య. సమస్య ఉన్న పిల్లల్లో మెదడు పైపొర వైశాల్యం మొత్తం మీద తక్కువగా ఉంది, లోపల అమిగ్డలా (భయం, ప్రమాదం పసిగట్టే భాగం), హిప్పోక్యాంపస్ (జ్ఞాపకాలది), ఇంకా ఒకట్రెండు భాగాల సైజు కూడా కొద్దిగా తక్కువ. పేపర్లో హెడ్డింగు పెట్టాలంటే "నేరం చేసే పిల్లల మెదడు చిన్నది" అని పెట్టేస్తారు, జనం అదే నమ్ముతారు. కానీ రెండు విషయాలు గమనించండి.

ఒకటి, కాండక్ట్ డిజార్డర్ అంటే ఒకసారి దొంగతనం చెయ్యడం కాదు. కొట్టడం, జంతువుల్ని హింసించడం, నిప్పు పెట్టడం, ఇంట్లోంచి పారిపోవడం, బెదిరించి లాక్కోవడం, ఇలా పదిహేను లక్షణాల లిస్టు ఉంటుంది, ఏడాది కాలంలో వాటిలో కనీసం మూడు కనిపిస్తేనే ఆ పేరు పెడతాం. మీరు రాసినదాన్నిబట్టి మీ అబ్బాయి పదో తరగతి దాకా మామూలుగా చదివాడు, ఇంట్లో చెల్లెల్ని బాగా చూసుకుంటాడు, ఈ కాలేజీలో చేరాకే ఈ బ్యాచ్ తగిలింది. నేను చూడకుండా డయాగ్నోసిస్ చెప్పను, కానీ ఆ స్టడీలో ఉన్న పిల్లలు వేరు అని మాత్రం చెప్పగలను. రెండోది, ఆ తేడా సగటులో వచ్చిన తేడా. ఇటువైపు ఉన్న వెయ్యిమందిలో చాలామంది స్కాన్లు అటువైపు వెయ్యిమంది స్కాన్లలాగే ఉంటాయి. పేరు చెరిపేసి ఒక్క స్కాన్ నా చేతిలోనే కాదు ఆ పేపర్ రాసినవాళ్ల చేతిలో పెట్టినా ఇది ఎవరిదో చెప్పలేరు. పైగా ఆ తేడా పుట్టుకతో వచ్చిందా, ఇంట్లో రోజూ తన్నులు తింటే వచ్చిందా, బీదరికం వల్లా, తలకి దెబ్బల వల్లా, మత్తు వల్లా అనేది ఒకసారి తీసిన ఫొటో చెప్పదు.

ఇంకో మాట, బ్రెయిన్ మ్యాపింగ్ (తలకి వైర్లు పెట్టి మెదడు స్పందన చూసే పరీక్ష) చేసి నిజం రాబట్టొచ్చట కదా అని కూడా రాశారు. 2010లో సెల్వి కేసులో సుప్రీంకోర్టు నార్కో, పాలీగ్రాఫ్, బ్రెయిన్ మ్యాపింగ్ ఏదైనా మనిషి ఒప్పుకోకుండా చెయ్యకూడదని చెప్పేసింది. ఎవరైనా ఆ మాట అంటే భయపడకండి.

సరే, ఇప్పుడు అసలు ఆసక్తికరమైన విషయం. నేరం చేసిన పిల్లలందరి మెదడు ఒకే రకంగా ఉండదు, అందులో పూర్తిగా ఎదురెదురుగా ఉండే పిల్లలు ఉంటారు. స్కానర్‌లో పడుకోబెట్టి భయంతో ఉన్న ముఖాల ఫొటోలు చూపిస్తే మామూలుగా అమిగ్డలా చురుగ్గా స్పందిస్తుంది, ఎదుటివాడు భయపడుతున్నాడంటే మనలో ఏదో కదులుతుంది కదా, అది. 2008, 2009 ప్రాంతాల్లో అమెరికాలో, లండన్‌లో చేసిన స్టడీల్లో ఏం తేలిందంటే, ఎదుటివాడి బాధ పట్టని, చేసినదానికి లోపల ఏ గుచ్చుకోవడం లేని పిల్లల్లో ఆ స్పందన బాగా తక్కువగా ఉంది. కొన్నేళ్ల తర్వాత లండన్ టీమే ఇంకో సంగతి చూపించింది, అవే గొడవలు చేసే పిల్లల్లో మరో గుంపుకి ఆ స్పందన మామూలు పిల్లలకంటే ఎక్కువగా ఉంది. అంటే ఒకడికి ఎదుటివాడి భయం ఎక్కట్లేదు, ఇంకొకడికి ప్రతి ముఖమూ తనమీదకి వస్తున్నట్టే ఉంది. సెక్షన్ ఒకటే, ఎఫ్ఐఆర్ ఒకేలా ఉంటుంది, లోపల పిల్లలు వేరు.

నా దగ్గరకి వచ్చేవాళ్లలో రెండో రకమే చాలా ఎక్కువండి. "ఎందుకు కొట్టావురా?" అంటే "నన్నే చూసిండు సార్" అంటాడు. చూస్తే? "ఎందుకు చూడాలె సార్ మరి?" ఈ జవాబు ఎన్నిసార్లు విన్నానో. ఇంటి సంగతి అడిగితే తండ్రి తాగి వస్తాడు, మెట్ల మీద చెప్పుల చప్పుడుని బట్టి ఇవాళ తన్నులున్నాయా లేవా అని వీడు ఐదేళ్ల వయసు నుంచే లెక్కేసుకుంటూ పెరిగాడు. ఆ ఇంట్లో ఆ మెదడు సరిగ్గానే పనిచేసింది, వాడిని కాపాడింది. అదే మెదడుతో బయటికొచ్చి బస్టాండులో ఎవడో ఊరికే అటు చూస్తే చెయ్యి లేస్తుంది. ఇలాంటి పిల్లాడిమీద హోమ్‌లో అరిచి, కొట్టి లైన్లో పెడదామనుకుంటే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. మొదటి రకం పిల్లాడికైతే శిక్ష పెద్దగా ఎక్కనే ఎక్కదు, వాడితో పనిచెయ్యడానికి దారి వేరే, అది కిందకి వస్తాను.

ఇక "ఇప్పుడు ఇలా చేశాడు కాబట్టి జీవితాంతం ఇంతేనా" అన్న మీ వదిన భయానికి జవాబు న్యూజిలాండ్‌లో ఉంది. డునెడిన్ అనే ఊళ్లో 1972-73లో పుట్టిన 1,037 మంది పిల్లల్ని అప్పట్నుంచి ఇప్పటిదాకా వెంటపడి చూస్తూనే ఉన్నారు, స్కూలు, పోలీసు కేసులు, పెళ్లిళ్లు, ఆరోగ్యం అన్నీ. టెర్రీ మాఫిట్ అనే సైకాలజిస్ట్ 1993లో చెప్పిందేంటంటే తప్పుడు పనులు చేసే పిల్లలు రెండు రకాలు, చిన్నప్పట్నుంచి మొదలై పెద్దయ్యాక కూడా ఆపనివాళ్లు కొద్దిమంది, టీనేజిలో మొదలై ఇరవైల్లో దానంతటదే మానేసేవాళ్లు ఎక్కువమంది. ఆ గుంపుకి 45 ఏళ్లు వచ్చాక 672 మందికి ఎమ్మారై తీశారు, 2020లో వచ్చింది ఆ పేపరు. జీవితమంతా కొనసాగినవాళ్లు, అంటే సుమారు 12 శాతం మంది, వాళ్ల మెదడు పైపొర సగటున పలచగా, వైశాల్యం తక్కువగా ఉంది. టీనేజిలో మాత్రమే గొడవలు చేసి ఆపేసిన 23 శాతం మంది మెదడుకీ, అసలు ఏ గొడవలూ చెయ్యనివాళ్ల మెదడుకీ అలాంటి తేడాలు కనబడలేదు. మీ వదినకి ఈ ఒక్క ముక్క చదివి వినిపించండి. ఆ 12 శాతం విషయంలో కూడా స్కాన్ తీసింది 45 ఏళ్లప్పుడు కాబట్టి తేడా వల్ల అలా బతికారా, అలా బతకడం వల్ల తేడా వచ్చిందా అని దాన్నుంచి చెప్పలేం.

మన దేశంలో కూడా ఎన్‌సీఆర్‌బీ (కేంద్రం నడిపే నేరాల లెక్కల సంస్థ) లెక్క చూస్తే 2022లో పట్టుబడిన 37,780 మంది మైనర్లలో 78.6 శాతం మంది 16-18 మధ్య వాళ్లే. చాలా దేశాల్లో ఈ గ్రాఫు ఇలాగే టీనేజి చివర్లో లేచి ఇరవైల్లో పడిపోతుంది. అమెరికాలో ఫిలడెల్ఫియా, ఫీనిక్స్ నగరాల్లో సీరియస్ నేరాలు చేసిన 1,354 మంది టీనేజర్లని ఏడేళ్లు ఫాలో అయ్యారు, ఎక్కువమంది తగ్గించేశారు లేదా మానేశారు, ఇంకా ముఖ్యమైంది ఏంటంటే ఎక్కువకాలం లోపల ఉంచితే ఎక్కువ మారతారు అన్నది తేలలేదు.

మరి ఆ వయసులో ఏమవుతుంది? నేను అన్నిటికంటే ఎక్కువ చెప్పాలనుకునేది ఇదే, ఇక్కడ కొంచెం ఓపిగ్గా చదవండి.

మొన్నామధ్య ఒక పిల్లాడు, ఇలాంటి కేసే (వివరాలు మార్చి చెప్తున్నాను). కాగితం మీద ప్రశ్నలు ఇచ్చాను. ఎవరిదైనా వస్తువు బలవంతంగా లాక్కుంటే ఏమవుతుంది? "తప్పు సార్, పోలీసులు పట్టుకుంటరు, జైల్లో ఏస్తరు, మా అమ్మ పరువు పోతది." ఆమెకి ఏమవుతుంది? "కిందపడితే దెబ్బ తాకుతది సార్, సచ్చిపోవచ్చు గూడ." పెద్దవాళ్లు ఎంత బాగా చెప్తారో అంత బాగా చెప్పాడు. తర్వాత కాగితం పక్కన పెట్టేసి ఆ రోజు సాయంత్రం నిమిషం నిమిషం చెప్పించాను. బండి ఎవరు నడిపారు, నువ్వు మధ్యలో కూర్చున్నావా వెనకా, ఎవరు ముందు అన్నారు. "ఆడు 'నీకు దమ్ము లేదురా' అన్నడు సార్." అప్పుడు నువ్వేమన్నావ్? "ఏమనలే." మరి? "గుంజిన." ఆ రెండు మాటల మధ్య ఏం ఆలోచించావురా అంటే చాలాసేపు తల దించుకుని కూర్చున్నాడు, దాచడం కాదు, నిజంగా అక్కడ వాడికి ఏమీ గుర్తులేదు. పది నిమిషాల ముందు నాకు అంత చక్కగా చెప్పిన పోలీసులు, జైలు, అమ్మ, కిందపడే మనిషి, ఆ క్షణంలో ఒక్కటీ వాడి ముందుకి రాలేదు.

ల్యాబుల్లో కూడా ఇదే కనిపించింది. 2005లో గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ అనే ఇద్దరు కారు నడిపే వీడియో గేమ్ ఆడించారు, సిగ్నల్ పచ్చ నుంచి ఆరెంజ్‌లోకి మారుతుంది, ఎప్పుడు ఆగాలో వాళ్లిష్టం. ఒంటరిగా ఆడినప్పుడు టీనేజర్లకీ పెద్దవాళ్లకీ పెద్ద తేడా లేదు. పక్కన ఫ్రెండ్స్ ఉంటే టీనేజర్లు తీసుకునే రిస్క్ బాగా పెరిగిపోయింది, ఇరవైల మధ్య దాటిన పెద్దవాళ్లలో పెరగలేదు. 2011లో అలాంటి ఆటే స్కానర్‌లో పడుకోబెట్టి ఆడించారు, ఫ్రెండ్స్ పక్క గదిలోంచి చూస్తున్నారని తెలిస్తే చాలు, టీనేజర్ల మెదడులో బహుమతికి, మజాకి స్పందించే భాగం, వెంట్రల్ స్ట్రయేటమ్ అంటారు, చురుకైపోయింది. ఆలోచించి ఆపే భాగం, నుదుటి వెనకాల ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్, అది అన్నిటికంటే ఆలస్యంగా ముదిరే భాగాల్లో ఒకటి. మజా భాగం పదమూడు పద్నాలుగేళ్లకే జోరందుకుంటుంది, ఆపే భాగం ఇంకా తయారవుతూ ఉంటుంది, మధ్యలో ఉన్న ఆ కొన్నేళ్లే మనం మాట్లాడుకునే వయసు. ఇది నేరం చేసిన పిల్లల మెదడు కాదండి, మీ ఇంట్లో, మా ఇంట్లో అందరి పిల్లల మెదడూ ఇదే, కాకపోతే అందరి పిల్లల పక్కనా "నీకు దమ్ము లేదురా" అనేవాడు బండి స్టార్ట్ చేసి ఉండడు.

2019లో వచ్చిన ఇంకో స్టడీ ఇండియాతో కలిపి 11 దేశాల్లో, 10 నుంచి 30 ఏళ్ల మధ్య ఐదువేలకి పైగా మంది మీద చేసింది. ప్రశాంతంగా కూర్చుని ఆలోచించి జవాబు చెప్పే శక్తి పదహారు దగ్గరికి వచ్చేసరికే పెద్దవాళ్లకి సమానం అయిపోతోంది. ఆవేశం ఆపుకోవడం, ఫ్రెండ్స్ మాటకి ఎదురు నిలబడటం, రేపటి గురించి ఇవాళ ఆలోచించడం మాత్రం పద్దెనిమిది దాటినా ఇంకా పెరుగుతూనే ఉన్నాయి.

ఇది మన చట్టానికి ఎందుకు అంత ముఖ్యం అంటే, 2012 ఢిల్లీ నిర్భయ కేసు దోషుల్లో ఒకడు పదిహేడేళ్లవాడు, మూడేళ్లే స్పెషల్ హోమ్ అనేసరికి దేశమంతా రగిలిపోయింది, ఆ కోపం న్యాయమైనదే, 2015లో కొత్త జువెనైల్ జస్టిస్ చట్టం వచ్చింది. సెక్షన్ 15 ప్రకారం 16-18 మధ్య పిల్లాడు ఘోరమైన నేరం, అంటే కనీస శిక్షే ఏడేళ్లు లేదా అంతకంటే ఎక్కువ ఉన్న నేరం చేశాడని కేసు ఉంటే, బోర్డు ప్రిలిమినరీ అసెస్‌మెంట్ చేసి పెద్దవాళ్లతో సమానంగా విచారించాలా అని తేలుస్తుంది. ఆ నేరం చెయ్యగల మానసిక, శారీరక శక్తి, పర్యవసానాలు అర్థం చేసుకునే సామర్థ్యం, ఏ పరిస్థితుల్లో జరిగింది అనేవి చూడాలి. ఇప్పుడు పైన చెప్పింది గుర్తుచేసుకోండి. పర్యవసానం తెలుసా అని ప్రశాంతంగా ఒక గదిలో అడిగితే పదహారేళ్ల పిల్లాడు ఎవడైనా తెలుసనే చెప్తాడు. బినెట్-కామత్ టెస్టు పెట్టి ఐక్యూ కొలిస్తే నార్మల్ అనే వస్తుంది. "ఐక్యూ సాధారణం, పర్యవసానాలు తెలుసు" అని రెండు లైన్ల రిపోర్టులు నేను చూశాను, పిల్లాడి జీవితం మొత్తం ఆ రెండు లైన్ల మీద వేలాడుతోంది, అవి చదివినప్పుడల్లా నాకు కడుపు రగిలిపోతుంది. ఆ టెస్టులు కొలిచేది తెలుసా లేదా అన్నదే. ఆ క్షణంలో ఆగగలిగే స్థితిలో ఉన్నాడా అన్నది అవి కొలవవు, దానికి ఓపిగ్గా కూర్చుని నిమిషం నిమిషం చెప్పించాలి, ఇంటికి వెళ్లి చూడాలి, స్కూలు టీచర్‌తో మాట్లాడాలి. గురుగ్రామ్‌ స్కూల్లో జరిగిన హత్య కేసులో 2022 జులైలో సుప్రీంకోర్టు కూడా ఇది చాలా సున్నితమైన పని, బోర్డులో సైకాలజీ, సైకియాట్రీ చదివినవాళ్లు లేకపోతే నిపుణుల సాయం తీసుకుని తీరాల్సిందే అని చెప్పింది. మీవాడికి ఇది వర్తించదు, ఆ సంగతి కింద రాస్తాను, కానీ ఇది చదివే వేరేవాళ్లకి అవసరం పడొచ్చు.

దీనికి తోడు "25 ఏళ్లకి గానీ బ్రెయిన్ పూర్తవ్వదు" అని వాట్సాప్‌లో తిరిగే మాట ఉంది. 25 అనే గీత సైన్స్‌లో ఎక్కడా లేదు, పేరున్న తొలి స్టడీలు ఇరవై ఒక్క ఏళ్లవాళ్ల దగ్గరే ఆగిపోయాయి, మార్పు నెమ్మదిగా ఇరవైల్లో కూడా సాగుతుంది, మనిషి మనిషికీ తేడా. కోర్టులో లాయరు ఆ నంబరు వాడితే ఎదుటి లాయరు తేలిగ్గా కొట్టిపారేస్తాడు, వాడొద్దని చెప్పండి.

ఇప్పుడు మెదడుకి నిజంగా దెబ్బ తగిలిన పిల్లల సంగతి. ఇది ఎవరూ పట్టించుకోరు కాబట్టి రాస్తున్నాను. పశ్చిమ ఆస్ట్రేలియాలో బాంక్సియా హిల్ అని పిల్లల నిర్బంధ కేంద్రం ఉంది, అక్కడి 99 మంది పిల్లల్ని డాక్టర్లు, సైకాలజిస్టులు, స్పీచ్ థెరపిస్టులు అందరూ కలిసి పూర్తిగా పరీక్షించారు, 2018లో బయటపెట్టారు. 36 మందికి తల్లి గర్భంతో ఉన్నప్పుడు మద్యం తాగడం వల్ల వచ్చే మెదడు సమస్య, 89 శాతం మందికి కనీసం ఒక విషయంలోనైనా (జ్ఞాపకం, భాష, ఏకాగ్రత ఇలాంటివాటిలో) తీవ్రమైన లోపం. వాళ్లలో చాలామందికి అంతకుముందు ఎవరూ ఏ పరీక్షా చెయ్యలేదు. మనదగ్గర ఇలా చూస్తే ఏం వస్తుందో అని భయమేస్తుంది. కల్లు మామూలుగా తాగే ఊళ్ల నుంచి వచ్చిన పిల్లల తల్లుల్ని ఈ ప్రశ్న అడగాలి, తప్పుబట్టకుండా అడగాలి.

తలకి దెబ్బలు కూడా అంతే. చిన్నప్పుడు మేడ మీంచి పడ్డాడు, బండి మీంచి పడి కాసేపు స్పృహ లేదు, "డాక్టరు ఏం కాలేదన్నాడు" అని మర్చిపోతారు. ఆ తర్వాత పిల్లాడికి కోపం పెరిగింది, చదువు తగ్గింది అని తల్లి చెప్తుంది గానీ రెండిటినీ కలిపి ఎవరూ చూడరు. ఏడీహెచ్‌డీ (కుదురు, ఏకాగ్రత లేకపోయే సమస్య) ఇంకొకటి, జువెనైల్ కేంద్రాల్లో బయటకంటే ఐదు రెట్లు ఎక్కువ కనిపిస్తుందని 2015లో అనేక స్టడీలు కలిపి చూస్తే తేలింది, దానికి మందులున్నాయి. వైట్‌నర్, పంక్చర్ సొల్యూషన్ పీల్చడం మరీ ఘోరం, వాటిలోని టొలుయీన్ అనే రసాయనం మెదడులో తీగల మీద ఉండే కొవ్వు పొరనే దెబ్బతీస్తుంది, మత్తు వాడకం మీద వచ్చిన 2019 జాతీయ సర్వేలో పెద్దవాళ్లకంటే పిల్లల్లో ఎక్కువగా ఉన్న మత్తు అదొక్కటే, పెద్దల్లో 0.58 శాతం, 10-17 ఏళ్లవాళ్లలో 1.17 శాతం. సీసం కూడా చెప్పాలి, పెట్రోల్లో సీసం 2000లో ఆపేశారు గానీ పాత బ్యాటరీలు కరిగించే చోట్ల, కొన్ని రంగుల్లో ఇంకా ఉంది, 2020 యూనిసెఫ్ రిపోర్టు ప్రకారం మన దేశంలో 27.5 కోట్ల మంది పిల్లల రక్తంలో ఉండకూడనంత ఉంది.

అన్నిటికంటే నాకు రోజూ కనిపించేది భాష సమస్య. ఆస్ట్రేలియాలో నిర్బంధంలో ఉన్న అబ్బాయిల్ని పరీక్షిస్తే దాదాపు సగం మందికి మాట అర్థం చేసుకోవడంలో, వరసగా చెప్పడంలో లోపం ఉంది. ఇలాంటి పిల్లాడు బోర్డు ముందు ఏం చేస్తాడో తెలుసా, ఏం అడిగినా "అవును మేడమ్" అంటాడు. అర్థం కాలేదని చెప్పడం సిగ్గు. ఇంట్లో లంబాడీ మాట్లాడే పిల్లాడికి పుస్తకం తెలుగులో ప్రశ్న వేస్తే చూపు పక్కకి తిప్పేసి భుజాలు ఎగరేస్తాడు, చూసేవాళ్లకి పొగరులా కనిపిస్తుంది, రిపోర్టులో "పశ్చాత్తాపం లేదు" అని పడుతుంది. అదే పిల్లాడితో వాడి భాష వచ్చిన మనిషిని కూర్చోబెడితే గంటసేపు ఏడ్చాడు, నా కళ్లముందు.

ఇంత చెప్పాక "అయితే తప్పు మెదడుదే, పిల్లాడిది కాదంటారా" అని ఎవరో ఒకరు అడుగుతారు. అననండి. గొలుసు లాగినప్పుడు ఆవిడ మెడ కోసుకుపోయి ఉంటుంది, కిందపడి ఉంటుంది, ఇప్పుడు సందులోకి ఒంటరిగా వెళ్లడానికి భయపడుతూ ఉంటుంది. మీవాడు అది తెలుసుకోవాలి, దానికి జవాబు చెప్పాలి. జవాబు చెప్పించే పద్ధతి వాడి వయసుకి, వాడి మెదడుకి సరిపోవాలి అన్నదే నా వాదన, లేకపోతే వాడికి ఏమీ ఎక్కదు, రేపు ఇంకో ఆవిడ మెడ.

ఏది పనిచేస్తుంది అంటే రెండు ఉదాహరణలు. చికాగోలో స్కూళ్లలో "బికమింగ్ ఎ మ్యాన్" అని గ్రూపు క్లాసులు పెడతారు. మొదట్లో ఒక ఆట ఆడిస్తారు, ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టి ఒకడి పిడికిట్లో బంతి పెట్టి రెండోవాడికి అర నిమిషంలో అది తీసుకో అంటారు. అందరూ వేళ్లు విరిచేసేలా లాగుతారు, మెలిపెడతారు. తర్వాత సారు అడుగుతాడు, "ఇవ్వమని ఒక్కడైనా అడిగారా?" అడిగితే ఇచ్చేవాడివా అని రెండోవాడిని అడిగితే, ఆ, ఇచ్చేవాణ్ణి, బంతే కదా అంటాడు. మెదడు ఆటోమేటిక్‌గా వెళ్లిపోయే దారిని ఒక్క క్షణం ఆపి చూసుకోవడం, అంతే వాళ్లు నేర్పేది. లాటరీ తీసి కొందరికి నేర్పి కొందరికి నేర్పకుండా పోల్చి చూస్తే, క్లాసులు నడిచినంతకాలం హింసాత్మక నేరాల అరెస్టులు 45 నుంచి 50 శాతం తగ్గాయి. ఆపేశాక ఆ ఫలితం చాలావరకు నిలబడలేదు, అంటే కొనసాగించాలి.

రెండోది పైన చెప్పిన మొదటి రకం పిల్లలకి, ఎదుటివాడి బాధ ఎక్కనివాళ్లకి. అమెరికాలోని విస్కాన్సిన్‌లో మెండోటా అనే సెంటర్‌ 1995లో మొదలైంది, మిగతా జైళ్లు మావల్ల కాదని వదిలేసిన అబ్బాయిల్ని తీసుకుంటారు. అక్కడ శిక్ష మీద కాకుండా రోజురోజుకీ చిన్న చిన్న మంచి ప్రవర్తనకి వెంటనే ఏదో ఒకటి ఇవ్వడం మీద నడిపిస్తారు, ఎందుకంటే ఈ పిల్లల మెదడు శిక్షకి కదలదు గానీ బహుమతికి కదులుతుంది. 2006లో వచ్చిన లెక్క ప్రకారం మామూలు జైల్లో ఉండి విడుదలైన గుంపు తర్వాతి కొన్నేళ్లలో 16 మందిని చంపింది, మెండోటా గుంపు ఒక్కరినీ చంపలేదు. వీడు పుట్టుకతోనే అంత అని ఎవరైనా అన్నప్పుడు నేను ఈ లెక్కే చెప్తాను.

ఇక మీరు ఇప్పుడు చెయ్యాల్సింది. గొలుసు లాగడం కొత్త చట్టంలో, అంటే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 304లో, గరిష్ఠంగా మూడేళ్లు. ఎఫ్ఐఆర్‌లో ఇంకే పెద్ద సెక్షన్లూ లేకపోతే పెద్దవాళ్లతో సమానంగా విచారించే ప్రశ్నే రాదు, ఎవరైనా అలా భయపెట్టి డబ్బులు అడిగితే ఇవ్వకండి. బెయిలు ఇలాంటి పిల్లలకి ఇవ్వడమే రూలు (జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 12), ఇవ్వకపోతే కారణం రాయాలి, సాధారణంగా రాసే కారణం "బయటికెళ్తే మళ్లీ అదే బ్యాచ్‌లో కలుస్తాడు" అని. కాబట్టి వాడు ఎక్కడ ఉంటాడో, ఎవరి దగ్గర, రోజూ ఏం చేస్తాడో మీ దగ్గర రాతపూర్వకంగా ప్లాన్ ఉండాలి. మీ ఊరికి తీసుకెళ్లి కొన్ని నెలలు మీదగ్గర ఉంచుకోగలిగితే అదే చెప్పండి, స్టడీలన్నీ చూశాక కూడా నా నమ్మకం ఇదే, ఆ వయసులో బ్యాచ్ మారితే సగం పని అయిపోతుంది. లాయరుకి స్తోమత లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచితంగా ఇస్తారు.

ప్రొబేషన్ ఆఫీసర్ మీ అన్నావదినల్ని కలిసి సోషల్ ఇన్వెస్టిగేషన్ రిపోర్టు (పిల్లాడి ఇల్లు, పరిస్థితుల గురించి బోర్డుకి ఇచ్చేది) రాస్తారు. చాలామంది తల్లిదండ్రులు పరువు పోతుందని అక్కడ అన్నీ బాగున్నాయనే చెప్తారు. అలా చెయ్యొద్దు. తలకి తగిలిన దెబ్బలు, ఫిట్స్, కాన్పులో ఇబ్బందులు, మాటలు ఆలస్యంగా రావడం, ఇంట్లో గొడవలు, మత్తు ఏదైనా, పదో తరగతి మార్కులకీ ఇప్పటి మార్కులకీ తేడా, అన్నీ చెప్పండి, పాత ప్రిస్క్రిప్షన్లు ఉంటే పట్టుకెళ్లండి. వాటిని బట్టే సైకాలజిస్ట్‌కి చూపించాలని బోర్డుని అడగొచ్చు.

హోమ్‌లో కలవడానికి వెళ్లినప్పుడు "ఎందుకు చేశావ్?" అని అడగకండి, ఆ ప్రశ్నకి వాడి దగ్గర జవాబు లేదు. ఏం జరిగిందో మొదట్నుంచి చెప్పమనండి, మధ్యలో తిట్టకండి. మీ అన్నని ముందే కూర్చోబెట్టి ఇది చెప్పి తీసుకెళ్లండి. కాలేజీవాళ్లు టీసీ ఇస్తామంటే తొందరపడి తీసుకోకండి, ఈ కేసు వల్ల వాడి భవిష్యత్తుకి ఏ అనర్హతా రాకూడదని జువెనైల్ జస్టిస్ చట్టంలో సెక్షన్ 24 ఉంది, ఆ మాట ప్రిన్సిపాల్‌తో చెప్పండి.

చివరగా మీ పోస్టులో కాలేజీ పేరు, ఏరియా ఉన్నాయి, ఎడిట్ చేసి తీసెయ్యండి, పిల్లాడి వివరాలు ఎక్కడా బయటపెట్టకూడదు, సొంత చుట్టాలైనా సరే. ప్రొబేషన్ ఆఫీసర్ వచ్చి వెళ్లాక ఏం అడిగారో, ఏం చెప్పారో ఇక్కడ రాయండి, తర్వాత బోర్డుని ఏం అడగాలో చెప్తాను.